ముప్పై ఆరు స్పోకుల చుట్టరికం

మా ఆయన సంపత్కుమార్ సొంత చేతులతో చేసే పనులు ఇరవై రెండేళ్ల కాపురంలో నేను చూసినవి మూడే. నొసట నామం దిద్దుకోవడం, పెరుగన్నం కలుపుకోవడం, చదివిన పేపరును మళ్లీ కొత్తదానిలా మడతపెట్టడం. మూడూ ముచ్చటగా చేస్తారు, కాదనను. బల్బు మార్చాలన్నా, గ్యాసు సిలిండరు బిగించాలన్నా నన్నే కేకేస్తారు. అటువంటి మనిషి ఒక గురువారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి, "వేదిక సైకిలుకు ముందు చక్రం నేనే కడతాను" అన్నారు. పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టండి అన్నట్టుంది నాకు.

చక్రం అవసరం నిజమే. మా అమ్మాయి వేదికకు పదిహేడేళ్లు. మూడేళ్లుగా పందేల సైకిలు తొక్కుతోంది. మరో పది రోజుల్లో ఆదివారం నాడు అలిపిరి నుంచి వడమాలపేట దాకా పోయి తిరిగి రావాల్సిన పందెం ఉంది. అందులో మొదటి ముగ్గురిలో వచ్చిన ఆడపిల్లలను క్రీడల హాస్టలుకు తీసుకుంటారు. ఆ హాస్టలు విశాఖపట్నం అవతల. మూడేళ్లు చదువు, తిండి, సైకిలు అన్నీ అక్కడే. వేదిక దీనికోసం ఐస్‌క్రీమ్ మానేసింది, సినిమాలు మానేసింది, జుట్టు కూడా భుజాల పైకి కత్తిరించుకుంది. మొన్న మంగళవారం రేణిగుంట రోడ్డులో ఒక గుంత దాని ముందు చక్రాన్ని తినేసింది. రిమ్ము వంకరపోయింది, స్పోకులు విరిగాయి. కోచ్ పాల్ సార్ చూసి, ఆ కొలత చక్రం మద్రాసు నుంచి రావాలి, రెండు వారాలు పడుతుంది అన్నాడు.

విడిగా రిమ్ములూ స్పోకులూ ఊళ్లో నవాబ్ భాయ్ దగ్గర ఉన్నాయి. చక్రం అల్లడం బాగా తెలిసిన మనిషి కూడా ఆయనే. తక్కిన అంగళ్లలో తయారైన చక్రాలు తెచ్చి అమ్ముతారు, అంతే. అయితే నవాబ్ భాయ్ టైర్లు తగిలించబోయి నిచ్చెన మీద నుంచి పడ్డాడు. కుడి మణికట్టుకు సిమెంటు కట్టు. అప్పుడు మా ఆయన అన్న మాట అది. ఆయన చెబితే నేను కడతాను అని.

వేదిక ఎగిరి గంతేసింది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే మా ఆయన ఒక మఠం తాలూకు ట్రస్టు ఆఫీసులో సూపరింటెండెంటు. నచ్చని ఫైలు వస్తే వద్దని రాయరు. ఎత్తి తన బల్ల మీద పెట్టుకుని, చూస్తున్నాను అంటారు. ఆ ఫైలు ఇక కదలదు. హాస్టలు సంగతి విన్న రోజు నుంచి ఆయన ఔననలేదు, కాదనలేదు. ఇప్పుడు ఏకంగా పది రోజులు సెలవు పెట్టి చక్రాన్ని బల్ల మీదికి ఎత్తుకున్నారు. మా పెళ్లికి కూడా ఆయన నాలుగు రోజులకు మించి సెలవు పెట్టలేదు.

మర్నాడు నవాబ్ భాయ్ భార్య గౌసియా బీ ఆయన్ను ఆటోలో తెచ్చి మా వాకిట్లో దించింది.

"పద్మాక్షమ్మా, ఈయన్ని పగలంతా మీరే పెట్టుకోండి. పని లేక ఇంట్లో కూర్చోని, నేను కూర కలబెట్టేది గూడా తప్పంటా ఉండాడు. సాయంత్రం వచ్చి తీసుకుపోతాను" అని చెప్పి, మళ్లీ అదే ఆటోలో వెళ్లిపోయింది. ఆమె ముఖంలో అంత ప్రశాంతత నేను ఎన్నడూ చూడలేదు.

హాలు మధ్యలో సైకిలును తలకిందులుగా నిలబెట్టారు. నవాబ్ భాయ్ ప్లాస్టిక్ కుర్చీలో, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆయన పంచె ఎగగట్టి నేల మీద కూర్చున్నారు. నడుమ పాత హబ్బు, దాని చుట్టూ కొత్త రిమ్ము, ముప్పై ఆరు స్పోకులు.

"జడ అల్లే మాదిరే సామీ. రెండిటి పైన పోవాల, మూడోదాని కింద రావాల. ఏం కష్టం లేదు" అన్నాడు నవాబ్ భాయ్.

మా ఆయనకు జడ అల్లడమూ రాదు. మొదటి రోజు అల్లిన దాన్ని చూసి నవాబ్ భాయ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, మజ్జిగ ఉంటే ఇవ్వమని అడిగాడు. రెండో రోజు సాయంత్రానికి ఎట్లాగో అన్ని స్పోకులూ తమ తమ రంధ్రాల్లోకి చేరాయి. ఇక మిగిలింది వంకర తీయడం. ఒక్కో స్పోకు చివర రిమ్ము దగ్గర చిన్న మర ఉంటుంది. దాన్ని కీ అనే చిన్న రెంచితో బిగిస్తే ఆ స్పోకు రిమ్మును తన వైపుకు లాగుతుంది. ఎడమ వైపు పద్దెనిమిది, కుడి వైపు పద్దెనిమిది. అటు లాగి, ఇటు వదిలి, చక్రం వంకర లేకుండా తిరిగేదాకా సరిచేయాలి.

ఏది బిగించారో ఏది బిగించలేదో మా ఆయనకు గుర్తుండడం లేదు. అంకెలు వేసుకోమని నేను సుద్దముక్క ఇచ్చాను. లెక్కల టీచర్ని, నాకు అంతకంటే ఏం తోస్తుంది? ఆయన అంకెలు వద్దన్నారు. ఒక్కో స్పోకుకు ఒక్కో బంధువు పేరు పెట్టారు. చీటీలు రాసి, కత్తిరించి, జిగురుతో అంటించారు. కుడి వైపు పద్దెనిమిదీ ఆయన వాళ్లు, వడమాలపేట చిన్నాన్న మొదలు కాణిపాకం బావ దాకా. ఎడమ వైపు పద్దెనిమిదీ నా పుట్టింటి వాళ్లు, తడ పెదనాన్నతో మొదలు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలు బయటివాళ్లు వింటే పోలీసులను పిలిచేవారు.

"తడ పెదనాన్న శానా వదులుగా ఉండాడు, బిగించు సామీ."

"నగరి అత్తను ఇంకో అర చుట్టు బిగిస్తే సరిపోతాదా భాయ్?"

"సాలదు. ఆమె పక్కన ఎవరు, చంద్రగిరి తాతా? ఇద్దర్నీ కలిపి బిగించు."

రిమ్ము ఎడమకు పోయిన ప్రతిసారీ ఆయన తల ఎత్తి నన్ను చూసి, మీ వాళ్లు లాగుతున్నారు అనేవారు. ఇరవై రెండేళ్లుగా లాగుతున్నది ఎవరో నాకు తెలుసు. వేదిక కోసం నోరు మూసుకున్నాను.

అసలు చిక్కు మా అత్తగారు ఆండాళమ్మతో వచ్చింది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. మూడో రోజు పొద్దున స్నానం చేసి హాల్లోకి వచ్చేసరికి, చక్రం గిర్రున తిరుగుతోంది. కిటికీలోంచి పడ్డ ఎండకు స్పోకులు తళతళలాడుతున్నాయి. ఆమె రెండు చేతులూ జోడించారు. లోపలికి పోయి తిరుమణి, శ్రీచూర్ణం తెచ్చి హబ్బు మీద నామం దిద్దారు. ఒక తులసి దళం స్పోకుల మధ్య ఇరికించారు.

"స్వామి చేతిలోని సుదర్శన చక్రం, సాక్షాత్తూ చక్రత్తాళ్వారు వచ్చి మన ఇంట్లో కూర్చోని ఉండాడు. మీరేమో ఆయన్ని ఇష్టమొచ్చినట్లు తిప్పుతా ఉండారు. ఈ ఇంట్లో ఉన్నంతసేపూ ప్రదక్షిణంగానే తిప్పాల. కీ గానీ, చక్రం గానీ, ఎడమకు తిప్పితే నేను అన్నం ముట్టను" అన్నారు.

నవాబ్ భాయ్ గడ్డం గోక్కున్నాడు. "అవ్వా, కుడికి తిప్పితే బిగుస్తాది. వదలాలంటే ఎడమకు తిప్పాల గదా."

"అయితే వదలొద్దు."

మా ఆయన తల్లి మాట జవదాటే మనిషి కాదు. అప్పటి నుంచి బిగించడమే తప్ప వదలడం లేదు. ఎడమకు వంగితే మా అత్తింటి వాళ్లను బిగించారు. కుడికి వంగితే మా పుట్టింటి వాళ్లను బిగించారు. మళ్లీ వాళ్లను, మళ్లీ వీళ్లను. ఆదివారం పన్నెండు గంటలకు నేను సాంబారు పోపు వేస్తుండగా హాల్లో ఠప్పుమని చప్పుడైంది. పరుగెత్తుకొచ్చి చూస్తే రిమ్ము నూనెలో వేసిన అప్పడంలా మెలికలు తిరిగి ఉంది. తులసి దళం ఎగిరిపోయి నవాబ్ భాయ్ టోపీ మీద పడింది. నా బంధువులూ ఆయన బంధువులూ ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు.

వేదిక ఏడవలేదు. గోడకు ఆనుకుని నిలబడి, "నాయనా, ఇంక వారమే ఉండాది" అంది.

నవాబ్ భాయ్ అంగడి నుంచి ఇంకో రిమ్ము తెప్పించాడు. ఆ కొలతలో అదే ఆఖరిదన్నాడు. మళ్లీ అల్లడం మొదలైంది. ఈసారి ఒక్క రోజులో అల్లేశారు, అది నేను ఒప్పుకోవాలి. బంధువుల చీటీలు కూడా మళ్లీ అంటించారు.

నేనే తప్పు చేశాను. ఈ ప్రదక్షిణం గోల తేల్చేద్దామని ఒక పెన్ను తీసుకొచ్చి ఆయన ముందు కూర్చున్నాను. "మర చక్రం పై భాగంలో ఉన్నప్పుడు కుడికి తిప్పితే బిగుస్తాది. అదే మర తిరిగి కిందికి వచ్చిందనుకోండి. పైనుంచి చూసే మనకు, దాన్ని బిగించాలంటే ఎడమకు తిప్పాల. మర అదే, పని అదే. కుడి ఎడమలు మనం యాడుండి చూస్తామో దాన్ని బట్టి మారతాయి. ఇందులో ప్రదక్షిణం ఏముంది?" అని, పెన్ను మూత తిప్పి చూపించాను.

ఆయన ముఖం పాలిపోయింది. "అంటే ఇన్ని దినాలూ నేను బిగించిందంతా ఇంకో పక్క నుంచి చూస్తే అప్రదక్షిణమా?" అన్నారు. కీ కింద పెట్టేశారు. సోమవారం మధ్యాహ్నం నుంచి మంగళవారం రాత్రి దాకా ఇక దాన్ని ముట్టుకోలేదు. నా లెక్కల పాండిత్యానికి చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

బుధవారం పొద్దున అత్తగారు కబురు చేసి పరాశర్ బావగారిని పిలిపించారు. ఆయన మా ఆయన పెదనాన్న కొడుకు, గుడిలో ప్రబంధ పారాయణం చేస్తారు. ఏ అనుమానం వచ్చినా కుటుంబంలో ఆయన మాటే చివరి మాట. సైకిలు చుట్టూ మూడుసార్లు తిరిగారు. మంచినీళ్లు తాగారు. నవాబ్ భాయ్‌ను కీ చూపించమని అడిగి, దాన్ని వెలుగులో పెట్టి చూశారు.

"ప్రశ్న ఏమంటే, స్వామి యాడ నుంచి చూస్తా ఉండాడు?" అన్నారు చివరికి.

అందరూ ఊపిరి బిగబట్టారు. నవాబ్ భాయ్ కూడా కుర్చీలో ముందుకు జరిగాడు.

"కొండపైన ఉండాడు. కాబట్టి పైనుంచే చూస్తాడు. పైనుంచి చూస్తే కుడి ఏదైతే అదే కుడి. ఇంక అనుమానం పెట్టుకోవద్దు."

"మీ ఇల్లు కొండకు ఉత్తరం పక్క ఉండుంటే లెక్క మారేదేమో" అని నవాబ్ భాయ్ గొణిగాడు. బావగారు దాని గురించి కాసేపు నిజంగానే ఆలోచించి, మారదు అన్నారు.

నాకు చటుక్కున తోచింది. "బావగారూ, అయితే ఇంకేం? ఏ స్పోకు వదలాలో దాన్ని చక్రం తిప్పి కిందికి తెస్తే సరి. కింద ఉన్న మరను పైనుంచి చూస్తా కుడికి తిప్పితే వదులైతాది. ప్రదక్షిణానికి ప్రదక్షిణమూ అయితాది."

బావగారు పెన్ను మూత తిప్పి చూసుకుని, దోషం లేదన్నారు. అత్తగారు సరేనన్నారు. నవాబ్ భాయ్ నాకు దండం పెట్టాడు. అందరం మా ఆయన వైపు చూశాం.

"చూస్తాను" అన్నారు ఆయన.

చూడలేదు. ఆ పూటా, ఆ మర్నాడూ బిగిస్తూనే ఉన్నారు. కింద మర జోలికే పోలేదు. నవాబ్ భాయ్ రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు. తల్లి అభ్యంతరం పోయింది, శాస్త్రం అభ్యంతరం పోయింది. ఇంకా వదలకుండా పట్టుకున్నది ఎవరో నాకు అర్థమైపోయింది. ఈ మనిషికి కూతురు పోవడం ఇష్టం లేదు. ఆ మాట నోటితో అనలేడు, అందుకని స్పోకుల మీద చూపిస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. దాని వెనకే జాలీ వేసింది. వేదిక పసిపిల్లప్పుడు జ్వరమొస్తే ఈయన రెండు రోజులు దాన్ని భుజం మీద నుంచి దించలేదు, నేను అడిగినా ఇవ్వలేదు.

శుక్రవారం చక్రం వంకర లేకుండా తిరిగింది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. టైరు ఎక్కించి, సైకిలును గోడకు ఆనించి, దాని మీద ఒక ఉతికిన పంచె కప్పారు. ఇంక పందెం దాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దన్నారు.

నవాబ్ భాయ్ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, "అమ్మా, అది తీగ మాదిరి బిగిసి ఉండాది. రోడ్డు మీద ఒక్క గుంత తగిలిందంటే మొదటి దాని మాదిరే పోతాది. బిడ్డ కింద పడతాది. ఒక్కో స్పోకూ ముప్పావు సుట్టు వదలాల. సామికి సెప్తే వినడు" అన్నాడు. తన దగ్గరున్న ఇంకో కీ నా చేతిలో పెట్టి, పనయ్యాక గూట్లో పెట్టమన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీస్తుండగా నేను పంచె తీసి, ముప్పై ఆరు స్పోకులూ ముప్పావు చుట్టు చొప్పున వదిలాను. నా పుట్టింటి వాళ్లనీ వదిలాను, ఆయన వాళ్లనీ వదిలాను, ఎవరికీ పక్షపాతం చూపలేదు. అనుకున్నంత కష్టంగా లేదు. అది నా చేతి నేర్పు అనుకుని లోపల్లోపల మురిసిపోయాను కూడా. కీ గూట్లో పెట్టేశాను.

ఆదివారం పొద్దున అలిపిరి దగ్గర జాతరలా ఉంది. ఒక పక్క మెట్ల దారికి పోయే యాత్రికులు, ఇంకో పక్క సైకిళ్లు. మగపిల్లల పందెం అప్పటికే మొదలైంది. ఆడపిల్లలది పావుగంటలో అన్నారు. సైకిలును పాల్ సార్ వ్యానులో తెచ్చాడు. వేదిక హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది, పది గజాలు పోయింది, దిగేసింది. ముందు చక్రం కల్లు తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతోంది.

నవాబ్ భాయ్ గౌసియా బీతో వచ్చి ఉన్నాడు. గబగబా వచ్చి ఎడమ చేత్తో ఒక స్పోకును మీటాడు. చప్పుడే లేదు.

"ఇదేంది సామీ, నులకమంచం మాదిరి ఉండాది?"

"నేను బిగించిందాన్ని ఎవరు ముట్టుకున్నారు?" అని అడిగారు మా ఆయన.

పాల్ సార్ గడియారం చూసుకుని, పన్నెండు నిమిషాలుంది, ఎన్ని చుట్లు వదిలారో తెలిస్తే అన్ని చుట్లు బిగించవచ్చు, తెలియకపోతే ఇంక వదిలేసుకోవాల్సిందే అన్నాడు.

"నేను ముప్పావు వదిలినాను" అన్నాను నేను. చేసిన లెక్క చెప్పకుండా దాచడం నా వల్ల కాదు.

"నేనూ ముప్పావు, నాయనా" అంది వేదిక. "నువ్వు నిన్న పొద్దున కూరగాయలకు పోయినప్పుడు. నవాబ్ తాత చెప్పినాడు."

అందరం నవాబ్ భాయ్ వైపు తిరిగాం. "ఎవరు సేస్తారో సేయరో అని అందరికీ సెప్పినాను. ఎవరూ సేసేటట్టు అగపడలేదు. నిన్న సాయంత్రం సామి సంధ్యకు కూర్చుంటే నేనే ఎడమ సేత్తో ముప్పావు వదిలినాను, ఈ సేతికి బిగువు తెలీదు గదా" అన్నాడు. గౌసియా బీ నెత్తి కొట్టుకుంది.

మా ఆయన ఫోను తీసి ఇంటికి చేశారు. స్పీకరులో అత్తగారి గొంతు స్పష్టంగా వినిపించింది. "నేనా? ఈ పొద్దు నువ్వు నామం పెట్టుకునేటప్పుడు చేసినాను. ఆయన ముప్పావు అన్నాడు. దేవుడి పనిలో ముప్పావేంది, నిండుగా ఉండనీ అని ఒక చుట్టు చేసినాను. అన్నీ కిందికి తెచ్చి కుడికే తిప్పినానులే, దోషం లేదు."

మూడు ముప్పావులు రెండుంపావు. ఒకటి కలిపితే మూడుంపావు. అందులో ముప్పావు వదులు ఉండాల్సిందే. "ఒక్కో దానికి రెండున్నర చుట్లు బిగించాల. ముప్పై ఆరుకి మొత్తం తొంభై" అన్నాను.

నవాబ్ భాయ్‌కు కుడి చెయ్యి ఆడదు. వేదిక పందేనికి ముందు చేతులు అలసిపోకూడదు. నేను జీవితంలో ఒక్కసారి వదిలిన మనిషిని, బిగించింది లేదు. పది రోజులుగా పగలంతా బిగించడం తప్ప వేరే పని చేయని మనిషి అక్కడ ఒక్కరే ఉన్నారు.

నవాబ్ భాయ్ కీ ఇచ్చాడు. మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారు. అర నిమిషం అట్లాగే ఉన్నారు. నాకు ఆయన ఆలోచన పుస్తకంలో ఉన్నట్టు కనిపించింది. ఊరికే నిలబడితే చాలు. పన్నెండు నిమిషాలు వాటంతట అవే అయిపోతాయి. తప్పు మా నలుగురిదీ అవుతుంది, ఆయనది కాదు. కూతురు ఇంట్లోనే ఉండిపోతుంది. ఇందులో నేను మాట సాయం చేయకూడదు, ఆయనే తేల్చుకోవాలి అనుకున్నాను. లోపల మాత్రం కాళ్లు పట్టుకుని బతిమాలుతున్నాను.

వేదిక హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని తండ్రి ముఖంలోకి చూస్తోంది.

ఆయన తెల్ల పంచెతోనే రోడ్డు మీద కూర్చున్నారు. సైకిలును తిరగేయమన్నారు.

"తడ పెదనాన్న" అని గట్టిగా అని రెండున్నర చుట్లు తిప్పారు. "వడమాలపేట చిన్నాన్న." రెండున్నర. "సూళ్లూరుపేట పిన్ని." రెండున్నర. మరచిపోకుండా ఉండడానికి పేర్లు పైకి చదువుతున్నారు. నిలువు నామం పెట్టుకున్న మనిషి నేల మీద కూర్చుని, చక్రం ముందు ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ వల్లిస్తుంటే, మెట్ల దారికి పోయే యాత్రికులు ఆగిపోయారు. ఒకామె చెప్పులు విప్పేసింది. ఎవరో ముందు గోవిందా అన్నారు. ఆ తర్వాత ప్రతి పేరుకూ అందరూ అనడం మొదలుపెట్టారు.

"నగరి అత్త."

"గోవిందా."

"చంద్రగిరి తాత."

"గోవిందా."

ఇదేం మొక్కు అని ఒకాయన నన్ను అడిగాడు. బిడ్డ మొక్కు అన్నాను. ఆయన వేళ్లు ఎర్రబడి, బొటనవేలి దగ్గర తోలు లేచింది. ఒక్కసారి కూడా ఆగలేదు. కాణిపాకం బావకు గోవిందా అనేసరికి ఒకటిన్నర నిమిషం మిగిలింది. నవాబ్ భాయ్ వంగి, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో స్పోకునూ మీటాడు. ఈసారి అన్నీ పలికాయి.

"సామీ, ఇది నేను కట్టినా ఇంతే" అన్నాడు. ఆయన నోటి నుంచి అంత మాట రావడం నేను అప్పుడే విన్నాను.

పందెం సాగినంతసేపూ మా ఆయన కూర్చోలేదు. గౌసియా బీ తెచ్చిన టీ చల్లారిపోయింది. ఎవరు పలకరించినా తల ఊపుతున్నారు గానీ కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఆయన వేదికను గెలవమంటున్నారో, ఓడమంటున్నారో ఆయనకైనా తెలుసో లేదో. నాకు మాత్రం ఆ గంటన్నరలో ఆయన మీద ఉన్న కోపమంతా పోయింది.

మొదట ఎర్ర బనియను వేసుకున్న అమ్మాయి వచ్చింది. దాని వెనకే ఇంకో అమ్మాయి. తర్వాత కాసేపు రోడ్డు ఖాళీగా ఉంది. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. మలుపు దగ్గర ఇద్దరు ఒకేసారి కనిపించారు. అందులో ఒకటి మా పిల్ల. హ్యాండిల్ మీద పడుకున్నట్టు వంగి, పక్కనున్న అమ్మాయిని చివరి యాభై గజాల్లో దాటేసింది. మూడో స్థానం. ముందు చక్రం కాస్తయినా ఊగలేదు.

వేదిక సైకిలును పాల్ సార్‌కు వదిలేసి తండ్రి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "నాయనా, వచ్చేసినా" అంది. ఆయన దాని తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయలేదు.

పాల్ సార్ ఒక కాగితం తెచ్చాడు. వచ్చే నెల ఒకటో తేదీకల్లా పిల్ల హాస్టలులో ఉండాలి, తండ్రి ఇక్కడ సంతకం పెట్టాలి, తొందరేం లేదు సార్, రేపు ఇచ్చినా పరవాలేదు అన్నాడు.

"ఇప్పుడే పెడతాను" అన్నారు మా ఆయన.

సైకిలు సీటు మీద కాగితం పెట్టుకుని పెన్ను పట్టుకున్నారు. పెన్ను నిలవలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరమే రాశారు. ఆయన పేరు ఆయనదే అనిపించనంత వంకరగా వచ్చింది.

"తొంభై చుట్లు తిప్పినాను కదప్పా, చెయ్యి నిలవడం లేదు" అని అందరికీ చెప్పారు.

"అంతే సామీ, కొత్తలో అట్లే ఉంటాది" అన్నాడు నవాబ్ భాయ్. పాల్ సార్ అవునన్నాడు. నేనూ అవునన్నాను. కళ్లెందుకు తడిశాయో మాత్రం మాలో ఎవరమూ ఆయన్ను అడగలేదు.